పొట్టేలుకు ఉచ్చ బందయితే లాసిక్స్ మందు కాదు

ప్రశ్న: సార్, షెడ్డులో 24 పొట్టేళ్లను మేపుతున్న. ఒక్కోటి 25 కిలోల దాకా ఉంటది. నాలుగు నెలల సంది మక్కపిండి, తవుడు, వరిగడ్డి పెడుతున్నం. రెండు నెలల వయసులనే విత్తులు కొట్టించిన. ఈ వారంల రెండు చచ్చినయి. కోసి చూస్తే కడుపు నిండ నీళ్లు, గుర్దాలు (కిడ్నీలు) ఉబ్బి ఉన్నయి. ఇంకొకటి నిన్న పొద్దటి నుంచి ముక్కుతున్నది. షాపాయన మలబద్ధకమని నూనె తాగించమన్నడు, గుర్దాలకని లాసిక్స్, జెంటామైసిన్ సూదులు ఇచ్చిండు. బోరు నీళ్లల్ల సున్నం ఎక్కువని రోజూ రెండు ఫిల్టర్ క్యాన్లు పోస్తున్న. గుర్దాలకు మంచి టానిక్ చెప్పండి.
– ఒక రైతు, పర్వతగిరి, వరంగల్ జిల్లా

జవాబు: టానిక్ వద్దు. ఇది మలబద్ధకం కాదు, గుర్దాల జబ్బుగా మొదలైందీ కాదు. మూత్రమార్గంలో రాళ్లు అడ్డం పడ్డాయి. గుర్దాలు ఆ తర్వాత చెడ్డాయి. ఈ జవాబు మీకు చేరేసరికి మూడోదాని సంగతి తేలిపోయి ఉంటుంది కాబట్టి, మిగిలిన 21 గురించే ఎక్కువ చెబుతాను.

మూత్రం తయారవడం ఆగదు. బయటికి దారి లేకపోతే మూత్రసంచి నిండి, ఒత్తిడి వెనక్కి గుర్దాల దాకా పోతుంది. గుర్దా ఉబ్బుతుంది, లోపలి కండ పలచబడుతుంది, వడపోత ఆగుతుంది. యూరియా, పొటాషియం రక్తంలోనే నిలిచిపోతాయి. పొటాషియం హద్దు దాటితే గుండె ఆగుతుంది. ఈలోపే సంచి పగిలితే మీరు చూసిన కడుపు నీళ్లు అవే. పగిలాక నొప్పి తగ్గి పొట్టేలు కాసేపు తేరుకున్నట్టు కనిపిస్తుంది. నమ్మకండి.

ఇక ఆ సూదులు. మత్తడి లేని చెరువుకు తూము మూసుకుపోతే, పైనుంచి ఇంకో వాగు తెచ్చి కలుపుతామా? దారి మూసుకున్న పొట్టేలుకు మూత్రం పెంచే లాసిక్స్ ఇవ్వడం అదే పని. జెంటామైసిన్ అయితే మంచి గుర్దానే దెబ్బతీయగలదు. పశువును చూడకుండా కౌంటర్ మీద నుంచి సూదులు ఇచ్చేవాళ్ల మాట ఎందుకు వింటారో నాకు అర్థం కాదు. నొప్పి సూది కూడా డాక్టర్ చూశాకే.

గుర్తుపట్టడం కష్టమేం కాదు. ముక్కుతుంది, తోక ఆడిస్తుంది, పళ్లు కొరుకుతుంది, వెనక కాళ్లతో పొట్ట తన్నుకుంటుంది. మూత్రం వచ్చేచోట వెంట్రుకలకు తెల్లని ఇసుక అంటుకుంటుంది. అనుమానముంటే పొడి సిమెంటు నేల మీద రెండు మూడు గంటలు ఒంటరిగా కట్టండి. చుక్కలే పడ్డా, అసలు పడకపోయినా దాణా ఆపి వెంటనే 1962కు (సంచార పశువైద్యశాల నంబరు) ఫోన్ చేయండి, లేదా మామునూరు పశువైద్య కళాశాలకు తీసుకుపోండి. పొట్టేలు మూత్రాంగం కొసన సన్నని తోకలాంటిది ఉంటుంది, చాలాసార్లు రాయి అక్కడే ఇరుకుతుంది. డాక్టర్ దాన్ని కత్తిరిస్తే దారి తెరుచుకోవచ్చు. రాయి లోపలి వంపులో ఉంటే సంచికి గొట్టం వేసి 10–14 రోజులు ఉంచాలి. తెల్లారి చూద్దామంటే గుర్దా అప్పటిదాకా తట్టుకోదు.

రాళ్లు బోరు నీళ్లతో రాలేదు, తవుడుతో వచ్చాయి. మిల్లుల దగ్గర చవకగా దొరుకుతుందని తవుడు గుమ్మరించడం మన దగ్గర అలవాటైపోయింది. 100 కిలోల తవుడులో భాస్వరం కిలోన్నర దాకా ఉంటుంది, కాల్షియం 100 గ్రాముల దరిదాపుల్లోనే. మక్కల్లోనూ కాల్షియం లేనట్టే. గడ్డి తగ్గి పిండి పెరిగితే నెమరు తగ్గుతుంది, లాలాజలం తగ్గుతుంది. లాలాజలంతో పేడలోకి పోవలసిన భాస్వరం మూత్రంలోకి దిగుతుంది. కాల్షియం భాస్వరానికి రెండింతలు ఉండాలి. మీ దాణాలో లెక్క తలకిందులైంది.

దాణా ఇట్లా కలపండి: మక్కపిండి 50 కిలోలు, పల్లిచెక్క 22, కంది చున్నీ 14, తవుడు 10, కోళ్ల మేతలో వాడే సున్నపురాయి పొడి 2, ఉప్పు ఒకటిన్నర, అమ్మోనియం క్లోరైడ్ అర కిలో. మొత్తం 100. డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్ పొడి) కలపొద్దు, అందులోనూ భాస్వరమే. అమ్మోనియం క్లోరైడ్ రాళ్లు కట్టకుండా చూడడానికి. అది మేతకు పనికొచ్చే రకమై ఉండాలి, ఎరువుల దుకాణంలోది కాదు. ఇప్పటికే మూత్రం బందయిన పొట్టేలుకు పెట్టొద్దు. వరిగడ్డిలో సగం తీసేసి కందిపొట్టు, పల్లికట్టె ఇవ్వండి.

ఫిల్టర్ క్యాన్లు ఆపండి. రెండు క్యాన్లంటే 40 లీటర్లు, 24 పొట్టేళ్లకు తలా రెండు లీటర్లు కూడా రాలేదు. రోజుకు కనీసం మూడు, ఎండాకాలంలో నాలుగు లీటర్లు కావాలి. మీ బోరు నీళ్లే తొట్టి నిండా, నీడలో, రోజంతా ఉంచండి. వచ్చే బ్యాచ్‌కు అయిదు నెలలు నిండకుండా విత్తులు కొట్టించకండి. చిన్నప్పుడే కొట్టిస్తే మూత్రమార్గం సన్నగానే ఉండిపోతుంది, చిన్న రాయికే మూసుకుంటుంది.

ఇంకోటి చచ్చిపోతే కోసినప్పుడు సంచిలోని రాళ్లను డబ్బీలో వేసి డాక్టర్‌కు ఇవ్వండి. వరిగడ్డి నుంచి వచ్చే ఇసుకరాళ్లయితే అమ్మోనియం క్లోరైడ్‌కు కరగవు, అప్పుడు మేత లెక్క మళ్లీ వేసుకోవాలి. ఆ మాంసం మాత్రం అమ్మకండి, తినకండి.