ఆకుల్లోని విషాలు తింటే పురుగుల రోగనిరోధక శక్తి పెరుగుతుందా, తగ్గుతుందా?

ఎక్కువగా తగ్గుతుందనే చెప్పాలి. అయినా ఆ విషాలే కొన్నిసార్లు పురుగు ప్రాణం కాపాడతాయి.

పరాన్నజీవి కందిరీగ గొంగళిపురుగు ఒంట్లో గుడ్డు పెట్టిందనుకోండి. రక్తకణాలు ఆ గుడ్డు చుట్టూ పొరలు పొరలుగా అతుక్కుంటాయి. ఫినాల్‌ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ పనిచేసి ఆ పొర మెలనిన్‌తో నల్లబడి గట్టిపడుతుంది, లోపలి గుడ్డు చచ్చిపోతుంది. అమెరికాలోని బకై సీతాకోకచిలుక గొంగళిపురుగు ఇరిడాయిడ్ గ్లైకోసైడ్లు అనే చేదు రసాయనాలున్న ఆకులు తిని, ఆ చేదును ఒంట్లో దాచుకుంటుంది. చీమలు దాన్ని తినడానికి ఇష్టపడవు. కానీ ఈ రసాయనాలు ఎక్కువైన పురుగుల్లో ఇలా నల్లబరిచే రోగనిరోధక శక్తి బాగా తగ్గిందని 2009లో వచ్చిన పరిశోధన చూపించింది.

అరిజోనాలోని గ్రామియా అనే బొచ్చుపురుగు కథ వేరు. ఒంట్లో టాకినిడ్ అనే పరాన్నజీవి ఈగ పిల్లలు చేరితే అది పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు అనే మొక్కల విషాలు ఎక్కువగా తింటుంది, బతికే అవకాశం పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న పురుగు అంతే తింటే నష్టపోతుంది. నిజంగా మందు తీసుకోవడమే ఇది, నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది కూడా ఇదే.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. రోగం తగ్గినంత మాత్రాన రోగనిరోధక శక్తి పెరిగినట్టు కాదు. మోనార్క్ గొంగళిపురుగులు మన జిల్లేడుకు చుట్టమైన మొక్కలు తింటాయి. వాటిలోని కార్డెనోలైడ్లు అనే విషాలు ఎక్కువైతే ఒక ఏకకణ పరాన్నజీవి సోకడం తగ్గుతుంది. కానీ అలాంటి మొక్క తిన్నప్పుడు కొన్ని రోగనిరోధక జన్యువుల పని పెరగకపోగా తగ్గింది.