మళ్ళీ వచ్చిందా, తిరగబెట్టిందా?

ప్రశ్న: "రేపటి నుంచి బడులు తిరిగి పునఃప్రారంభం" అని పేపర్లో రాశారు. ఇది తప్పే కదా? – రిటైర్డ్ టీచర్, తెనాలి

జవాబు: తప్పేనండి. పునః అంటేనే మళ్ళీ కాబట్టి "పునఃప్రారంభం" ఒక్కటి చాలు, "రేపు బడులు మళ్ళీ తెరుస్తారు" అంటే ఇంకా హాయి. ప్రతి ప్రమాదం తర్వాతా అధికారులు చెప్పే "మళ్ళీ పునరావృతం కాకుండా చూస్తాం" కూడా ఈ బాపతే (అయినా ప్రమాదాలు అవుతూనే ఉంటాయి, అది వేరే సంగతి). కాకపోతే "మళ్ళీ తిరిగొచ్చాడు" అన్నవాళ్ళని మాత్రం పట్టుకోకండి. మళ్ళు, మరలు, తిరుగు అనే క్రియల నుంచే మళ్ళీ, మరల, తిరిగి వచ్చాయి, మూడింట్లోనూ వెనక్కి తిరగడమే ఉంది. కానీ ఈ వాక్యంలో మళ్ళీ అంటే ఇంకోసారి, తిరిగి అంటే వెనక్కి, రెండు మాటలకీ రెండు పనులున్నాయి.

ప్రశ్న: జ్వరం "తిరగబెట్టింది", "మళ్ళీ వచ్చింది" – రెండూ ఒకటేనా? – పాఠకురాలు, పాడేరు

జవాబు: కాదండి, మీది మన్యం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మళ్ళీ వచ్చింది అంటే పాతదే కావచ్చు, కొత్తగా అంటుకున్నదీ కావచ్చు. తిరగబెట్టింది అంటే పోయిందనుకున్న ఆ జబ్బే మళ్ళీ లేచింది అని. మలేరియాలో ఈ తేడా అచ్చంగా కనిపిస్తుంది. వైవాక్స్ రకం క్రిములు కొన్ని కాలేయంలో నిద్రపోతున్నట్టు దాక్కుంటాయి, రక్తంలో ఉన్నవాటిని మందు చంపేసినా ఇవి వారాలకో నెలలకో లేచి, కొత్తగా ఏ దోమా కుట్టకపోయినా జ్వరం తెస్తాయి. వాటి కోసమే ప్రైమాక్విన్ మాత్రలు 14 రోజులు రాస్తారు, ఆ మందు అందరికీ పడదు కాబట్టి డాక్టరు చెబితేనే వేసుకోవాలి, కానీ మొదలుపెట్టాక మూడోరోజుకే ఒళ్ళు తేలికపడిందని మానేశారంటే తిరగబెట్టమని పిలిచినట్టే. ఫాల్సిపారం రకానికి ఇలా కాలేయంలో నక్కి ఉండే అలవాటు లేదు. అందుకని ఈసారి ఆస్పత్రికి వెళ్తే పోయినసారి చీటీ కూడా పట్టుకెళ్ళండి. అన్నట్టు ఈ మాటకి మంచి సంగతులతో పొత్తు లేదు, పోయిన ఉద్యోగం తిరగబెట్టిందని ఎవరూ అనరు.

ప్రశ్న: గోదావరి పుష్కరాలు 2003, 2015, ఇప్పుడు 2027. పన్నెండేళ్ళ లెక్క ఎప్పుడూ తప్పదా? – విద్యార్థి, రాజమండ్రి

జవాబు: తప్పుతుంది, అరుదుగా. గురుగ్రహం సింహరాశిలోకి వస్తే గోదావరికి పుష్కరం, కన్యలోకి వస్తే కృష్ణకి. అయితే గురుడు పన్నెండు రాశులూ చుట్టి రావడానికి నిండా పన్నెండేళ్ళు పట్టదు, సుమారు 11.86 ఏళ్ళే. ఆ మిగులు పోగై పోగై ఏడు చుట్లు తిరిగేసరికి దాదాపు ఏడాది అవుతుంది, అప్పుడు పదకొండో ఏటే రావలసి వస్తుంది. కుంభమేళాలకీ గురుడి లెక్క ఉంది, హరిద్వార్‌లో 2010 తర్వాత 2021లోనే చేసింది అందుకే. ఇంటికి రాని మేనల్లుణ్ణి "పుష్కరానికోసారి కనిపిస్తావేంరా" అనడానికి మాత్రం పంచాంగం అక్కర్లేదు.

ప్రశ్న: మా కోడలిది కడప. "ఇంగోతూరి" అంటుంది, నవ్వొస్తుంది. అది తెలుగేనా? – పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: శుభ్రమైన తెలుగమ్మా. సారి, మారు, తడవ ఎలాగో తూరి కూడా అంతే, మీ "ఒక్కపాలి" వింటే ఆ అమ్మాయికీ నవ్వొస్తుంది. దఫా మనకి ఉర్దూ నుంచి వచ్చింది. వీటిల్లో విడత ఒక్కటే వేరు, అది ఒకే పనిని ముక్కలు చేసి చేయడం. రెండో విడత పోలింగ్ అంటే ఇంకా ఓటు వెయ్యని ఊళ్ళకి, రెండోసారి పోలింగ్ అంటే మొదటిది రద్దయి అదే బూత్‌లో మళ్ళీ పెట్టేది. ఒకదాని బదులు ఇంకోటి రాస్తే ఓటర్లకు టెన్షన్.