గుణుపురం కొండ ఊళ్లకు సిగ్నల్ ఎందుకు ఆలస్యమవుతోంది?

ఒడిశా రాయగడ జిల్లా గుణుపురం వైపు కొండ ఊళ్లకు ఫోన్ సిగ్నల్ ఎందుకు ఆలస్యమవుతోంది, ఉపగ్రహ ఇంటర్నెట్ వస్తే టవర్ల అవసరం తీరిపోతుందా అని అడిగారు.

టవర్ కట్టే ఖర్చు కంటే దాన్ని నడిపే ఖర్చే ఇక్కడ అసలు అడ్డంకి. కరెంటు నిలకడగా లేని చోట డీజిల్ జనరేటర్ గానీ, సోలార్ పలకలూ బ్యాటరీలూ గానీ పెట్టాలి. ఘాట్ రోడ్డు వెంట ఫైబర్ వేయలేకపోతే మైక్రోవేవ్ లింకుతోనో (తీగ లేకుండా రేడియో తరంగాలతో కలపడం) ఉపగ్రహంతోనో టవర్‌ను ప్రధాన నెట్‌వర్కుకు కలపాలి. ఇంతా చేసి దాని కింద ఉండేది యాభై అరవై గడపలైతే, రీచార్జిల మీద వచ్చే డబ్బు డీజిల్‌కే చాలదు. అందుకే ప్రైవేటు కంపెనీలు బస్టాండు ఉన్న ఊరి దగ్గరే ఆగిపోతాయి. చింతపండు అమ్మిన డబ్బు ఖాతాలో పడిందో లేదో చూసుకోవడానికి ఫోన్ చేత్తో ఎత్తిపట్టుకుని గుట్ట ఎక్కేవారు మా వైపు ఇప్పటికీ కనిపిస్తారు, అది చూసినప్పుడల్లా బాధ కలుగుతుంది.

ఆ లోటు పూడ్చడానికే కేంద్రం 2022లో 26,316 కోట్ల రూపాయలతో, 24,680 గ్రామాలకు 4జీ అందించే పనిని బీఎస్ఎన్ఎల్‌కు అప్పగించింది. ఆ సంస్థ స్వదేశీ 4జీని 2025 సెప్టెంబరులో మన ఒడిశాలోని ఝార్సుగుడాలోనే ప్రారంభించారు.

ఇక ఉపగ్రహాల విషయం. సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే కొత్త ఉపగ్రహాలలో, 36,000 కిలోమీటర్ల ఎత్తునున్న పాత ఉపగ్రహాల కంటే జాప్యం, అంటే సమాచారం వెళ్లి రావడానికి పట్టే సమయం, చాలా తక్కువ. అయితే డిష్ ధర, నెలసరి చందా కూలి కుటుంబానికి అందేవి కావు కాబట్టి, అవి టవర్‌కు తోడవుతాయే తప్ప బదులు కాలేవని నా అభిప్రాయం. పంచాయతీ దాకా ఫైబర్ వచ్చిన ఊళ్లలో మాత్రం 2020లో కేంద్రం ఆమోదించిన పీఎం-వాణి అనే పబ్లిక్ వైఫై పథకం మేలైన దారి. దాని కింద కిరాణా కొట్టువారు కూడా లైసెన్సు లేకుండా వైఫైని చిల్లరగా అమ్మవచ్చు.