గ్రూపులో కలిపారు... ఫోల్డర్ తెరుచుకోదేం?

ప్రశ్న: మాది నెల్లూరు. బెంగళూరు మారతహళ్లిలో ఓ కంపెనీ అకౌంట్స్‌లో చేస్తున్నాను. ఆడిట్ ఫోల్డర్ కావాలంటే ఐటీ వాళ్లు పొద్దున 10 గంటలకే ‘గ్రూపులో కలిపేశాం’ అన్నారు. సాయంత్రమైనా ‘యాక్సెస్ డినైడ్’ అనే వస్తోంది. లాప్‌టాప్ మూసి తెరిచినా అంతే. పక్క సీటు అక్క పాస్‌వర్డ్ కొడితే మాత్రం తెరుచుకుంటోంది. ప్రస్తుతం అలాగే నెట్టుకొస్తున్నా.

జవాబు: ముందు ఆ పని ఆపండి. రేపు అందులో ఓ ఫైలు పోతే సర్వర్ లాగ్‌లో ఉండేది ఆవిడ పేరే. నమ్మి ఇచ్చిన మనిషి సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. ఆవిణ్ని ఇవాళే పాస్‌వర్డ్ మార్చుకోమనండి.

ఐటీ వాళ్లు చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. యాక్టివ్ డైరెక్టరీలో (ఆఫీసు ఖాతాలు, గ్రూపులు చూసుకునే మైక్రోసాఫ్ట్ వ్యవస్థ) మీరెవరో తేల్చడం ఒక పని, మీకు ఏమేం తెరిచే హక్కుందో చూడటం ఇంకో పని. పొద్దున మీరు సైన్ ఇన్ అవగానే డొమైన్ కంట్రోలర్, అంటే ఆ ఖాతాలను సరిచూసే సర్వర్, ఒక కెర్బెరాస్ టికెట్ ఇస్తుంది. మీరెవరో చెప్పే డిజిటల్ పాస్ లాంటిదది. మామూలుగా 10 గంటలు చెల్లుతుంది. అప్పటికి మీరున్న గ్రూపుల జాబితా అందులోనే ఉంటుంది. ఫైల్ సర్వర్ చూసేది దాన్నే. బీఎంటీసీ (బెంగళూరు సిటీ బస్సు) ఆర్డినరీ డే పాస్ కొన్నాక మధ్యాహ్నం మీకు వజ్ర ఏసీ బస్సు మంజూరైందనుకోండి, కొత్త పాస్ చేతికొచ్చేదాకా కండక్టర్ ఎక్కనివ్వడు కదా!

కాబట్టి మూత వేయడం, లాక్ చేయడం కాదు, పూర్తిగా సైన్ అవుట్ చేసి మళ్లీ రండి. అదీ ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉండగా. ఇంట్లో వీపీఎన్ (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపేది) లేకుండా సైన్ ఇన్ అయితే లాప్‌టాప్ తాను దాచుకున్న పాత వివరాలతోనే లోపలికి రానిస్తుంది, కంట్రోలర్‌ని అడగదు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో ‘హూయామై /గ్రూప్స్’ (whoami /groups) అని ఇంగ్లిష్‌లో కొట్టండి. జాబితాలో ఆడిట్ గ్రూపు కనిపించినా ఫోల్డర్ రాకపోతే షేర్ పర్మిషన్, ఫోల్డర్ సెక్యూరిటీ పర్మిషన్ రెండూ చూడమని ఐటీకి చెప్పండి. రెంటిలో ఏది బిగువుగా ఉంటే అదే చెల్లుతుంది.

ప్రశ్న: మా లినక్స్ డెస్క్‌టాప్ కరెంటు పోయొచ్చినప్పుడల్లా డొమైన్ లాగిన్ ఒప్పుకోదు. పాస్‌వర్డ్ సరైనదే.

జవాబు: గడియారం చూడండి. ఎవరో పాత టికెట్‌ను కాజేసి మళ్లీ వాడకుండా కెర్బెరాస్ టైము సరిచూస్తుంది. మామూలుగా తేడా 5 నిమిషాలు దాటితే ఒప్పుకోదు. మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టుంది. బెంగళూరులో అయితే ఎస్పీ రోడ్డులో చవగ్గానే దొరుకుతుంది. అది మార్చి, టైమును డొమైన్ కంట్రోలర్ నుంచే తీసుకునేలా క్రోనీ (లినక్స్‌లో గడియారం సరిచేసే ప్రోగ్రాం) సెట్ చేయించండి.