ఉలిపిరికాయలకి యునానీ మందు వాడినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

నేను వాడాను, పోయాయి. ఇలా అడిగినాయన చేతుల మీద పదిహేను ఉన్నాయని, అరికాల్లోనూ ఒకటుందని రాసి ఫొటోలు పెట్టారు. నాకు పదిహేడు ఉండేవి. కుడి చేతికి పద్నాలుగు, ఎడమ చేతికి మూడు. ఈ లెక్కతో తర్వాత పనుంది, గుర్తుంచుకోండి.

మాది విజయనగరంలో గాజుల కొట్టు, మా మామ్మ నాటిది. గాజుల కొట్టంటే ఇప్పట్లా అట్టపెట్టె అందించి డబ్బులు పుచ్చుకోవడం కాదు. మట్టిగాజులు తొడగాలి. వచ్చినావిడ చెయ్యి ఒళ్లోకి తీసుకుని, బొటనవేలి కింద ఎముక లోపలికి నొక్కి, ఆవిణ్ణి ఏవో కబుర్లలో పెట్టి, రెండూ ఆరు సైజు పట్టే చేతికి రెండూ నాలుగు ఎక్కించాలి. అదీ పనితనం. అంటే పొద్దస్తమానం నా వేళ్లు పరాయివాళ్ల చేతుల మీదే. అలాంటి వేళ్లకి ఉలిపిరికాయలు వస్తే ఇంకేముంది.

1996లో తొలేళ్ల రోజు. తెలియనివాళ్లకి చెప్తున్నా, మా ఊరి పైడితల్లమ్మ జాతరలో సిరిమాను మంగళవారమైతే ముందు రోజు సోమవారం తొలేళ్లు. చుట్టుపక్కల పల్లెలన్నీ ఊళ్లోనే ఉంటాయి, మాకు ఏడాది బేరంలో సగం ఆ రెండ్రోజుల్లోనే. గజపతినగరం వైపు నుంచి ఒకావిడ ఇద్దరు కూతుళ్లతో వచ్చి కూర్చుంది. పెద్దపిల్లకి ఎర్రగాజు ఎముక దాటిస్తున్నాను. ఆవిడ చూపు నా వేళ్ల మీద పడింది.

"ఏటే అమ్మా, ఆ చేతులేటలాగున్నాయి?"

ఉలిపిరికాయలండీ అన్నాను. అంతే, పిల్ల చెయ్యి విసురుగా లాగేసింది. గాజు నా వేళ్ల మధ్య చిట్లింది, పిల్లకి గీరుకుని నెత్తురొచ్చింది. అమ్మవారి పండగ పూట గాజు చిట్లడమేమిటని కొట్టంతా ఒకటే గొడవ. మా అమ్మ డజను గాజులు ఊరికే ఇచ్చి పంపించింది. తర్వాత నా వైపు చూడకుండా, "నువ్వు గల్లాపెట్టె దగ్గర కూకో" అంది. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. ఆ మాట నాకెంత గుచ్చుకుందంటే, పదిహేడు ఉలిపిరికాయలూ కలిసి అంత బాధపెట్టలేదు.

అప్పటికే రెండేళ్లుగా వైద్యాలు నడుస్తున్నాయి. మన చుట్టాల్లో వైద్యుడు కానివాడు ఎవడు? మామ్మ జట్కా గుర్రం తోక వెంట్రుక తెప్పించి రెండింటికి బిగించి కట్టింది. ఒకటి ఎండి రాలింది, నెల తిరక్కుండా అదే చోట మూడు లేచాయి. పలాసలో ఉండే మా చినమావయ్య జీడిపిక్కల తొక్కల్లోంచి తీసిన నూనె చిన్న సీసాలో తెచ్చి అగ్గిపుల్లతో అద్దాడు. రాత్రికి మంట, తెల్లారేసరికి పొక్కు. ఆ మచ్చ ఇప్పటికీ చూపుడువేలి మీద ఉంది. పిక్కలు కొట్టే ఆడవాళ్లు అది అంటకుండా చేతులకి నూనో బూడిదో రాసుకుంటారు, ఈయన దాన్నే మందని తెచ్చాడు! విశాఖలో ఒక స్కిన్ డాక్టరు కరెంటుతో ఆరింటిని కాల్చాడు. డబ్బులూ కాలాయి. కాల్చిన చోటు చుట్టూ మళ్లీ వచ్చాయి.

మాకు ఫిరోజాబాద్ గాజులు వేసే సాయిబు గారు ఇదంతా చూసి, కోట అవతల సందులో ఉన్న ఒక ముసలి హకీం, అంటే యునానీ వైద్యుడి దగ్గరికి వెళ్లమన్నాడు. హకీం గారు ముందు నా చెయ్యి పట్టుకుని మూడు వేళ్లు పెట్టి నాడి చూశాడు. పట్టుకోవడానికి వెనకాడలేదు, అది నేను గమనించాను. నిద్ర పడుతుందా, విరేచనం సాఫీగా అవుతుందా, ఏం తింటావు అని అడిగాడు. చెయ్యి చూపిస్తే కడుపు గురించి అడుగుతాడేటి అనుకున్నాను. ఒంట్లో నాలుగు రసాలుంటాయట, దమ్ అంటే నెత్తురు, బల్గమ్ అంటే కఫం, సఫ్రా అంటే పసుపు పిత్తం, నాలుగోది సౌదా. సౌదా అంటే నల్ల పిత్తం. అది చిక్కబడితే ఒళ్లు దాన్ని చర్మం మీదకి తోసేస్తుంది, అదే మస్సా, అంటే ఉలిపిరికాయ అన్నాడు. మనవాళ్లు దీన్ని సాయిబుల మందు అనేసి వదిలేస్తారు గానీ, యునాన్ అంటే గ్రీసు. ఈ నాలుగు రసాల లెక్క అక్కడిదే.

పైకి రాయడానికి కలౌంజీ పొడి, సిర్కాతో, అంటే వెనిగర్‌తో ముద్దగా నూరింది. కలౌంజీని కిరాణా కొట్లో నల్లజీలకర్ర అని అడిగితే సన్నగా పొడుగ్గా ఉండే షాజీరా కూడా ఇచ్చేస్తారు, చూసుకోండి. కావలసింది ఉల్లి విత్తనంలా నల్లగా, మూలలతో ఉండేది. రాత్రి చుట్టూ చర్మానికి నెయ్యి రాసి, ముద్ద కాయ నెత్తి మీద మాత్రమే పెట్టి గుడ్డ చుట్టాలి. లోపలికి షాహ్‌తరా, చిరాయతా అనే చేదు మూలికలు, ఉన్నాబ్ రాత్రి నానబెట్టి, పొద్దున కాచి వడగట్టి, పరగడుపున నలభై రోజులు. ఉన్నాబ్ మన రేగుపండు చుట్టమే, తియ్యగా ఉంటుంది. చిరాయతా చేదు ముందు దాని తీపి ఏ మూలకి? గిల్లకు, కొరక్కు, బ్లేడు పెట్టకు అన్నాడు. ఇక పథ్యం: వంకాయ, మసూరు పప్పు, ఎండుచేపలు బంద్. ఎండుచేప లేకుండా మా ఇంట్లో వంకాయా ఉడకదు, వంకాయ లేకుండా ఎండుచేపా ఉడకదు. ఒక్క దెబ్బకి రెండూ పోయాయి.

మూడో వారానికి నెత్తి మీద నల్ల చుక్కలు తేలాయి. తర్వాత ఎండి, స్నానం చేస్తుంటే పొట్టులా రాలడం మొదలు. సంక్రాంతికి రెండు చేతులూ నున్నగా ఉన్నాయి.

ఇక్కడే ఆ లెక్క. కుడి చేతికి మందు పెట్టి గుడ్డ చుట్టుకున్నాక ఆ చేత్తో ఎడమ చేతికి రాసుకోలేక, ఆ మూడింటినీ వదిలేశాను. అవీ పోయాయి! లోపలికి తాగింది పనిచేసిందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

ఎంబీబీఎస్ చదివిన మా మేనల్లుడికి చెప్తే నవ్వాడు. "అత్తా, నా మాటకి అదే రుజువు. ఇది హెచ్‌పీవీ అనే వైరస్. ఒళ్లు దాన్ని గుర్తుపట్టిందంటే మందు రాసినవీ రాయనివీ అన్నీ రాలిపోతాయి. సిర్కా కూడా ఆమ్లమే, మెడికల్ షాపులో దొరికే శాలిసిలిక్ యాసిడ్ లాగే పై తోలు ఒలుస్తుంది, అంతవరకే." మరి అంతకు ముందు రెండేళ్లు ఆ ఒళ్లేం చేసిందిరా అన్నాను. "చాలామందికి రెండేళ్లే పడుతుంది అత్తా" అన్నాడు. వాడితో వాదించలేం. నా చెయ్యి సంగతి నాకు తెలుసు.

మీకు షుగరుంటే, ముఖం మీదో మర్మస్థానంలోనో ఉంటే, రంగు మారుతున్నా నెత్తురొస్తున్నా ఇంట్లో ఏదీ పెట్టకండి. హకీం దగ్గరికే వెళ్లాలనుకుంటే బీయూఎంఎస్ అనే యునానీ డిగ్రీ చదివినవాళ్లను వెతుక్కోండి, కర్నూల్లో ఆ కాలేజీయే ఉంది. చాకళ్లు బట్టలకి గుర్తులేసే నల్లజీడి కూడా యునానీలో ఉంది, బలాదుర్ అంటారు. శుద్ధి చెయ్యకుండా ఎవరైనా అది అద్దబోతే లేచి వచ్చెయ్యండి, నా చూపుడువేలు తలుచుకుని.

ఇంకోటి. మీరు పెట్టిన ఫొటోల్లో అరికాలిది నాకు ఉలిపిరికాయలా లేదు. నల్ల చుక్కల్లేవు, మధ్యలో గట్టిగా మేకులా ఉంది. అది ఆనికాయ. దానికి సిర్కా రాసి నన్ను తిట్టుకోకండి, ముందు ఆ చెప్పులు మార్చండి.