అనిమే దృశ్యాన్ని స్లో మోషన్ చేస్తే కదలిక ఆగి ఆగి దూకుతోంది, ఎందుకు?

కన్నీళ్ల దృశ్యాన్ని 25 శాతం వేగానికి తగ్గించి ట్విక్స్‌టర్ (ఉన్న ఫ్రేముల మధ్య కదలికను ఊహించి కొత్త ఫ్రేములు పుట్టించే సాఫ్ట్‌వేర్) వేసినా కుదుపులు పోవడం లేదని మీరు రాశారు. నేనూ నెలల తరబడి ఇదే చిక్కులో ఉండి సెట్టింగులన్నీ మార్చి చూశాను. లోపం సెట్టింగుల్లో లేదు, క్లిప్పులోనే ఉంది.

అనిమే, అంటే జపాన్ యానిమేషన్, సెకనుకు 24 ఫ్రేములతో నడుస్తుంది కానీ అవన్నీ కొత్త బొమ్మలు కావు. సాధారణంగా ఒక్కో బొమ్మను రెండు మూడు ఫ్రేముల పాటు నిలుపుతారు. అంటే సెకనుకు 12 లేదా 8 బొమ్మలే. మూడేసి ఫ్రేములు నిలిచే బొమ్మను 25 శాతానికి తగ్గిస్తే, ముఖం సెకనులో మూడో వంతు సేపు శిలలా ఉండి, తర్వాత ఆరో వంతులో గబుక్కున కదులుతుంది. ఒకేలా ఉన్న రెండు ఫ్రేముల మధ్య సాఫ్ట్‌వేర్ ఊహించడానికి కదలికే ఉండదు.

కాబట్టి ముందు నకలు ఫ్రేములు తీసేయండి. భావోద్వేగ దృశ్యాలకు నేను ఒక్కో ఫ్రేమునూ కళ్లతో చూసి చేత్తోనే తీస్తాను. 24 ఫ్రేములు 8 అయితే క్లిప్ నిడివి కూడా మూడో వంతుకు పడిపోతుంది. పాత 25 శాతం నెమ్మది రావాలంటే ఇప్పుడు సుమారు 8.3 శాతం పెట్టాలి. షాటు మారే చోట క్లిప్పును కోయడం మరవకండి, లేకపోతే ఒక ముఖం కరిగి ఇంకో ముఖంలో కలిసిపోతుంది.

నకళ్లు తీసేటప్పుడు పోగొట్టుకోకూడనిది చిత్రకారుల లయ. రెప్పపాటుకు ఒక్కో ఫ్రేముకో బొమ్మ గీసి, తల ఎత్తడానికి మూడేసి ఫ్రేములు నిలిపి ఉండవచ్చు. అన్నింటికీ ఒకే వేగం పెడితే ఆ ఏడుపులోని తడబాటు మాయమై, పాత్ర నీళ్లలో తేలుతున్నట్టు ఉంటుంది. అందుకే రెప్పపాటును, తల కదలికను వేర్వేరు ముక్కలు చేసి దేని వేగం దానికి ఇస్తాను.

ఇంకొకటి, ఇది నాకు చాలా ముఖ్యం. గుండెను పిండేసే షాట్లలో చాలాసార్లు ముఖం ఒకే బొమ్మ, కన్నీటి చుక్క మాత్రమే కదులుతుంది. అక్కడ ముఖాన్ని కదిలించాలని చూడకండి. ఆ నిశ్చలత కావాలనే పెట్టింది. బొమ్మను 100 నుంచి 105 శాతం వరకు మెల్లగా దగ్గరకు తెచ్చి, చుక్క రెప్ప నుంచి జారే క్షణాన్ని మాత్రమే స్లో చేయండి.

చెయ్యి ముఖం మీదుగా వెళ్లే చోట వేళ్ల గీతలు సాగిపోతాయి. అక్కడ నేను సాఫ్ట్‌వేర్ పుట్టించిన ఫ్రేములు తీసేసి అసలు బొమ్మలే ఉంచుతాను, కాస్త కుదుపు ఉన్నా సరే.