రౌడీ కథలో తండ్రిని ఎలా రాయాలి

చిరంజీవి రఘుకి,

మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన స్క్రిప్టు చదివాను. ఫైట్లు బాగా కుదిరాయి. బెజవాడ వీధులు కళ్లకు కట్టినట్టు ఉన్నాయి. నీ రౌడీ నాయకుడు నోరు విప్పితే చాలు, హాల్లో ఈలలు పడతాయి. అంతా బాగానే ఉంది గాని, హీరో తండ్రి ఎందుకున్నాడయ్యా ఇందులో? ఆటోనగర్‌లో మెకానిక్ అన్నావు. ఒక్క సీన్లోనైనా చేతికి గ్రీజు అంటలేదు. కాసేపు దగ్గుతాడు, కొడుకును తిడతాడు, ఇంటర్వెల్‌కు ముందు కత్తిపోటుకు పోతాడు. ఆ తరువాత గోడ మీద దండ వేసిన ఫొటో. మన కథా చర్చల్లో తండ్రి పాత్రకు ఎప్పటినుంచో ఇదే ఉద్యోగం. కొడుకు పగకు కారణమై పక్కకు తప్పుకోవాలి.

తిరగరాసే ముందు ఒక సినిమా చూడు. 'ఎ బ్రాంక్స్ టేల్', 1993లో వచ్చింది. హాలీవుడ్ నటుడు రాబర్ట్ డి నీరో దర్శకత్వం వహించిన మొదటి సినిమా. మరో మాఫియా కథ కాబోలు అనుకుని కూర్చున్నాను. చివర్లో కళ్లజోడు తీసి తుడుచుకోవలసి వచ్చింది. ఈ వయసులో నన్ను ఏడిపించడం ఎంత కష్టమో మీ అత్తయ్యను అడుగు. కథ ముందే చెప్పేస్తున్నానని విసుక్కోకు. చూసేవాడికి మలుపులు కావాలి, రాసేవాడికి వాటి అమరిక కావాలి.

న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో ఇటాలియన్లు ఎక్కువగా ఉండే పేట, 1960. కలోజెరో అనే తొమ్మిదేళ్ల పిల్లవాడు ఇంటి మెట్ల మీద కూర్చుని ఉండగా ఎదురుగానే ఒక హత్య జరుగుతుంది. కాల్చినవాడు సానీ, ఆ పేటకు మకుటం లేని మహారాజు. పోలీసులు వచ్చి మనుషులను వరుసగా నిలబెట్టి వీడేనా, వీడేనా అని అడుగుతారు. సానీ ముందుకు వచ్చినప్పుడు కూడా పిల్లవాడు కాదనే అంటాడు. ఆ తరువాత, నేను మంచి పనే చేశాను కదా అని తండ్రిని అడుగుతాడు. చెడ్డవాడికి మంచి చేశావు అంటాడు తండ్రి. అంతే, ఉపన్యాసం లేదు. మనమైతే అక్కడ ఒక పేజీ డైలాగు రాసి, వెనక వయొలిన్ పెట్టి ఉండేవాళ్లం.

ఆ తండ్రి లోరెంజో సిటీ బస్సు డ్రైవరు. చేసిన మేలుకు బదులుగా సానీ మనుషులు అతనికి ఒక పని చూపిస్తారు. బస్సు రూటులో జూదం చీటీలు చేరవేస్తే చాలు, వారం వారం డబ్బు చేతికందుతుంది. అతను వద్దంటాడు. నువ్వు నేర్చుకోవలసిన మొదటి సంగతి ఇక్కడ ఉంది. తండ్రి మంచివాడని ఎవరి చేతా చెప్పించకు. అతనికి అవసరమైన డబ్బు ముందు పెట్టి, వద్దనిపించు. నీ మెకానిక్ దగ్గరకు దొంగ లారీ ఒకటి రానీ. ఛాసిస్ నంబరు చెరిపేస్తే మూడు నెలల అద్దె బాకీ తీరుతుంది. అతను పానాలు సర్దుకుని షట్టరు దించేస్తాడు. కొడుకు పక్కనే నిలబడి చూస్తాడు, అప్పుడు వాడికి తండ్రి చేతకానివాడిలా కనిపిస్తాడు. అలాగే కనిపించనీ, తొందరపడి సర్దిచెప్పకు.

ఇక రౌడీ సంగతి. నీవాడు విసిరేవన్నీ పంచ్‌లే, అందులో బుద్ధికి పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. సానీని చూడు. ఆటలో ఓడిపోయి బేస్‌బాల్ వీరుడు మికీ మాంటిల్ ఏడ్చాడని బెంగపడుతున్న పిల్లవాడితో ఏమంటాడో తెలుసా? మాంటిల్‌కు ఏడాదికి లక్ష డాలర్లు వస్తాయి. మీ నాన్నకు అద్దె కట్టడానికి డబ్బు లేకపోతే వెళ్లి ఆ మాంటిల్‌ను అడుగు, ఏమంటాడో చూద్దువుగాని అంటాడు. క్రూరమైన మాటే గాని అబద్ధం కాదు. పెద్దయ్యాక కూడా అంతే. ఇరవై డాలర్లు బాకీ పడి తప్పించుకు తిరిగేవాడి వెంట కుర్రవాడు పరిగెడుతుంటే, వాడు నీకు ఇష్టమా అని సానీ అడుగుతాడు. కాదంటే, మరి ఇరవై డాలర్లకు వాడి పీడ వదిలింది కదా, చవకే అంటాడు. పైగా, నా దారి నీకొద్దు, చదువుకో అని అతనే చెబుతాడు. పిల్లవాడు అలాంటివాడి వెంట వెళ్లాడంటే చూస్తున్న మనకూ ఆశ్చర్యం ఉండదు. తండ్రి ఒక్కడే నిజం మాట్లాడితే అది నీతికథ, రౌడీ ఒక్కడే మాట్లాడితే పోస్టరు. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉన్నప్పుడే ఆ కుర్రవాడికి అసలైన చిక్కు.

నువ్వు ఆపి ఆపి చూడవలసిన సీను ఇంకొకటి ఉంది. సానీ బారులో పాచికలు అందించి పిల్లవాడు సంపాదించిన ఆరు వందల డాలర్లు ఇంట్లో దొరుకుతాయి. లోరెంజో ఆ డబ్బు పట్టుకుని, యూనిఫారంతోనే, కొడుకును వెంటబెట్టుకుని బారుకు వెళతాడు. నువ్వెవరో నాకు తెలుసు, నీ జోలికి రాను, కాని వీడు నా కొడుకు అంటాడు. భయం లేక కాదు, భయపడుతూనే అంటాడు. సానీ కొడతాడేమోనని మనం చూస్తుంటాం, కొట్టడు. బయటకు వచ్చాక పిల్లవాడు ఏడుస్తాడు, కష్టపడేవాడు వెర్రివాడని సానీ చెప్పిందే నిజమంటాడు. తుపాకీ మీట నొక్కడానికి బలం అక్కర్లేదు, రోజూ తెల్లవారుజామున లేచి పనికి వెళ్లమను, అప్పుడు తెలుస్తుంది ఎవరు మొనగాడో అని తండ్రి జవాబు. రౌడీ వేషాలకు పేరుమోసిన డి నీరో దర్శకుడిగా తన మొదటి సినిమాలో ఈ బస్సు డ్రైవరు వేషాన్ని ఏరి తీసుకున్నాడు. చిత్రకారుడైన ఆయన తండ్రి అదే ఏడాది పోయారు, సినిమా ఆయనకే అంకితం.

ఇప్పుడు నీకు కోపం వచ్చే మాట. మొదట్లో సానీ చంపినవాడికి ఒక కొడుకు ఉన్నాడు. ఎనిమిదేళ్ల తరువాత ఆ కుర్రవాడు జనం మధ్యలోంచి వచ్చి సానీని వెనకనుంచి కాల్చేస్తాడు. తెర మీద వాడు ఉండేది కొన్ని క్షణాలే. మన దగ్గరైతే వాడే హీరో! వాడికి బాల్యం, ఫ్లాష్‌బ్యాక్, పరిచయ గీతం, క్లైమాక్సు అన్నీ ఉంటాయి. నువ్వు రాసిందీ ఆ కుర్రవాడి కథే. దాన్ని రాయకూడదని అనను, ఇప్పటికే చాలామంది రాశారని మాత్రం అంటాను. ఈ సినిమా ఆ పగను మూలకు నెట్టి, మధ్యలో నిలబడి ఇద్దరి మాటలూ విన్నవాడిని కథానాయకుడిని చేసింది. చివర సానీ శవపేటిక దగ్గరకు లోరెంజో వస్తాడు. కొడుకు ప్రాణం కాపాడినందుకు కృతజ్ఞత చెప్పి, నీ మీద నాకు ద్వేషం ఎప్పుడూ లేదు, వాణ్ణి ఇంత త్వరగా పెద్దవాణ్ణి చేశావన్నదే కోపం అంటాడు. నా కళ్లజోడు తడిసింది అక్కడే. మరో తండ్రి చేయి పిల్లవాడి భుజం మీద ఉందని ఒప్పుకోవడం ఏ తండ్రికైనా తేలికా?

లోపాలు లేవనుకోకు. తల్లి పాత్ర వంటగది దాటి పెద్దగా రాదు. నల్లజాతి అమ్మాయితో ప్రేమ, రెండు పేటల మధ్య కొట్లాట కాస్త హడావుడిగా నడిచాయి. నీ కథలో తల్లికి చోటుంది, వదులుకోకు.

ఇది రాసిన చాజ్ పాల్మింటెరి అసలు పేరు కలోజెరో లోరెంజో. తండ్రి నిజంగానే బస్సు డ్రైవరు. మొదట దీన్ని ఒక్కడే పద్దెనిమిది పాత్రలూ వేసే నాటకంగా 1989లో లాస్ ఏంజెలెస్‌లో ఆడాడు. బ్యాంకులో రెండు వందల డాలర్లున్న రోజుల్లో స్టూడియోలు పది లక్షల డాలర్లు ఇస్తామన్నా, స్క్రిప్టు నేనే రాస్తాను, సానీ నేనే వేస్తాను అని పట్టుబట్టానని ఆయనే చెప్పుకున్నాడు. నిన్ను అంత మొండిగా ఉండమనను, నీకు ఇంటద్దె ఉంది. నిర్మాత ఫైటు కోసేయమంటే కోసేయి, పాట అడిగితే పెట్టు. తండ్రిని ఇంటర్వెల్‌కు ముందు చంపమంటే మాత్రం బేరమాడు.

ఈలోగా ఒక వారం ఆటోనగర్ వెళ్లి కూర్చో. లారీ కింద పడుకున్న మనిషి ఇంటి నుంచి ఫోను వస్తే ఏ చేత్తో ఎత్తుతాడో, మోచేతి దాకా మసి ఉన్నప్పుడు టీ గ్లాసు ఎలా పట్టుకుంటాడో, కొడుకు స్కూలు ఫీజు గురించి ఓనరును ఎప్పుడు అడుగుతాడో చూసి రా. మీ నాన్ననూ అడుగు, నువ్వు ఇంటర్‌లో చెడు సావాసం పట్టినప్పుడు ఆయన ఎవరి దగ్గరకు వెళ్లి ఏం మాట్లాడి వచ్చారో. నాకు తెలుసు, నేను చెప్పను.

కొత్త ప్రతి సిద్ధమయ్యాక ప్రింటు తీసి పంపు. ఫోనులో చదవడం నావల్ల కాదు.

ఉంటాను,
మావయ్య